పీఆర్ (శాశ్వత నివాసం) ఫైలు తేలేలోగా విజిటర్ వీసా మీద భర్త దగ్గరికి: పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

పర్లాకిమిడిలో మా వీధి చివరి జిరాక్సు కొట్టు దగ్గర ఎవరో ఒకరు నన్ను ఆపి అడగని నెల లేదు. "అమ్మలూ, మా కోడలి ఫైలు కెనడాలో ఏడాదిగా కదల్లేదు. ఈలోగా ఓసారి వెళ్లి చూసి రావచ్చా? వెళ్తే ఉన్న ఫైలు పాడవదు కదా?"

వెళ్లవచ్చు. అబద్ధం చెప్పనంతవరకు ఫైలూ పాడవదు. నేనూ అలాగే వెళ్లొచ్చాను, రెండో ప్రయత్నంలో. మొదటిసారి ఎందుకు కాదన్నారో తర్వాత అర్థమైంది కాబట్టి ఆ తప్పులు కూడా ఇక్కడే చెబుతాను. భార్య దగ్గరికి వెళ్లే భర్తలకూ ఇదే దారి. రాయడానికి వీలుగా ఉంటుందని "భర్త దగ్గరికి" అంటున్నాను.

## 1. ముందు ఏ దేశమో, ఏ లెక్కలో వస్తారో చూసుకోండి

అందరికీ ఒకే సలహా పనికిరాదు. నా సంగతి విని పక్కింటమ్మాయి అమెరికాకు అప్లై చేస్తే తిరస్కరణ కాగితం చేతిలో పెట్టి పంపారు. చట్టాలు వేరు.

కెనడా. స్థిరపడాలన్న ఉద్దేశం ఉన్నంతమాత్రాన తాత్కాలికంగా రావడానికి అది అడ్డు కాదని అక్కడి వలస చట్టం 22(2) సెక్షన్ చెబుతుంది. గడువు లోపల తిరిగి వెళ్తారని ఆఫీసరుకు నమ్మకం కలగాలి, అంతే. దీన్నే డ్యూయల్ ఇంటెంట్ అంటారు. భార్యాభర్తల విజిటర్ వీసాలు త్వరగా చూస్తామని 2023 మే నెలలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కెనడా గురించే.

అమెరికా. ఇక్కడ లెక్క తలకిందులు. 214(బి) సెక్షన్ ప్రకారం విజిటర్ వీసా అడిగే ప్రతివాళ్లూ ఉండిపోవడానికే వస్తున్నారని ముందే అనుకుంటారు. కాదని చూపించాల్సింది మీరే. భర్త గ్రీన్‌కార్డుదారై, మీ పేరు మీద ఐ-130 పిటిషన్ (కుటుంబసభ్యుల కోసం వేసే వలస దరఖాస్తు) నడుస్తుంటే బీ-2, అంటే విజిటర్ వీసా, దొరకడం కష్టం. దొరకనే దొరకదని అనను. 185 డాలర్ల ఫీజు పోయినా పర్లేదు అనుకుంటేనే దిగండి. భర్త హెచ్-1బీ మీద ఉంటే ఈ తంటా అక్కర్లేదు, నేరుగా హెచ్-4కి (హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా) వెళ్లండి.

బ్రిటన్. విజిటర్‌గా వెళ్లి అక్కడే స్పౌజ్ వీసాలోకి మారడం కుదరదు. చూసి, తిరిగి వచ్చి, ఇక్కడి నుంచే అప్లై చేయాలి.

గల్ఫ్. గంజాం వైపు వాళ్లకు ఎక్కువగా ఇదే అవసరం. వీసాకన్నా ముందు పాస్‌పోర్టు చూడండి. పదో తరగతి పాసు కాని ఆడవాళ్ల పాస్‌పోర్టు చాలావరకు ఈసీఆర్‌ (వలస తనిఖీ అవసరం) కింద ఉంటుంది. ఈసీఆర్ ఉన్నా విజిట్ వీసా మీద వెళ్లవచ్చు కానీ తిరుగు టికెట్ చేతిలో ఉండాలి. అది లేక విమానాశ్రయం దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లున్నారు.

## 2. పేర్ల పంచాయితీ ముందే తీర్చుకోండి

మన సరిహద్దు జిల్లాల వాళ్లకు అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది. ఆంధ్రాలో ఉన్నవాళ్లకు ఇందులో సగం కూడా ఉండదు.

ఒడియాలో "వ" పలకాల్సిన చోట "బ", "భ" రాస్తారు. అందుకే నా పదో తరగతి సర్టిఫికెట్‌లో వరలక్ష్మి కాస్తా "బరలక్ష్మి" అయింది. మా నాన్నగారు పొలం పట్టాలో "భెంకట", ఆధార్‌లో "వెంకట". పెళ్లేమో నది అవతల, పాతపట్నంలో జరిగింది. కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్ శ్రీకాకుళం జిల్లా సబ్ రిజిస్ట్రార్ ఇచ్చింది. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంది కానీ వేరే స్పెల్లింగు. నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే నలుగురు మనుషులు కనిపించారు.

చేయాల్సిన వరస ఇది:

1. పాస్‌పోర్టులో ఉన్న పేరే మీ అసలు పేరు అనుకోండి. ఫారాల్లో ప్రతిచోటా అక్షరం తేడా లేకుండా అదే రాయండి.
2. స్పాన్సర్‌షిప్ ఫైలులో (భర్త మీ కోసం వేసిన పీఆర్ దరఖాస్తు) మీ పేరు, పుట్టిన తేదీ, పెళ్లి తేదీ ఎలా రాశారో భర్తను అడిగి ఆ కాపీ తెప్పించుకోండి. విజిటర్ ఫారంలో ఉన్నదీ అందులో ఉన్నదీ ఒకటి కావాలి. ఆఫీసరు రెండూ తెరిచి చూస్తారు.
3. మిగతా కాగితాల్లో తేడా ఉంటే నోటరీ దగ్గర "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని అఫిడవిట్ చేయించండి. అన్ని స్పెల్లింగులూ అందులో ఒక్కొక్కటిగా రాయించండి.
4. ఒడియా, తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం, దాంతోపాటు అనువాదకుడి అఫిడవిట్, అసలు కాగితం కాపీ మూడూ కలిపి పెట్టండి.

నాలుగో దాంట్లో ఒక మెలిక ఉంది. మా చిన్నాన్న ఒడియా మాస్టారు. "దానికి డబ్బులెందుకు, నేను చేసిపెడతాను కదా" అన్నారు. కుదరదు. కుటుంబసభ్యులు చేసిన అనువాదం కెనడా వాళ్లు ఒప్పుకోరు. చిన్నాన్నకు నచ్చజెప్పడానికి నాకు రెండు పూటలు పట్టింది.

పాస్‌పోర్టులోనే తప్పుంటే ముందు దాన్ని దిద్దించుకోండి. ఒడిశా చిరునామా ఉన్నవాళ్లు మామూలుగా భువనేశ్వర్ ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కిందికి వస్తారు. అవతల శ్రీకాకుళంలో అత్తారిల్లు ఉంది కదా అని ఆ చిరునామాతో వేరేగా ప్రయత్నిస్తే పోలీసు విచారణ దగ్గర చిక్కుకుంటారు. నిజంగా ఎక్కడ ఉంటున్నారో అదే రాయండి.

## 3. "తిరిగి వస్తాను" అనడానికి కాగితాలు

ఆఫీసరు మనసులో ఉండే ప్రశ్న ఒక్కటే: ఈ అమ్మాయి భర్త అక్కడే ఉన్నాడు, ఇంకెందుకు తిరిగి వస్తుంది?

దీనికి బలమైన జవాబు మీ పెండింగు ఫైలే. చాలామంది దాన్ని దాచిపెట్టాల్సిన విషయం అనుకుంటారు. తిప్పి చూడండి. అన్ని ఫీజులూ కట్టి, సక్రమంగా అప్లై చేసి, వరసలో నిలబడ్డ మనిషి గడువు దాటి ఉండిపోయి ఆ ఫైలును ఎందుకు చేతులారా పాడుచేసుకుంటుంది? ఈ మాట మీ లేఖలో నోరు విప్పి చెప్పాలి. దాని కింద ఇక్కడి ముడులు, అంటే మిమ్మల్ని వెనక్కి రప్పించే బంధాలు, చూపించాలి.

ఉద్యోగం ఉంటే సెలవు మంజూరు పత్రం. "సెలవు అడిగారు" అని ఉంటే చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఇచ్చారో, ఏ రోజు మళ్లీ చేరాలో స్కూలు లెటర్‌హెడ్ మీద ఉండాలి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం చేస్తూ, ఆరు నెలలు ఉంటానని ఫారంలో రాశాను. ఏ స్కూలు టీచరుకి ఆరు నెలలు సెలవిస్తుంది? రెండోసారి వేసవి సెలవులకు మరికొన్ని రోజులు కలిపి ఏడు వారాలకు అడిగాను. దానికి ప్రిన్సిపాల్ సంతకం దొరికింది.

ఉద్యోగం లేనివాళ్లు భయపడక్కర్లేదు. కింది వాటిలో ఏవి నిజమైతే అవి పెట్టండి:

- చదువు మధ్యలో ఉంటే కాలేజీ బోనఫైడ్, వచ్చే సెమిస్టర్ తేదీలు
- మీ పేరున పట్టా ఉంటే దాని కాపీ, అనువాదం
- అత్తమామలు మీ దగ్గరే ఉండి, వైద్యం మీరే చూపిస్తుంటే ఆసుపత్రి కాగితాలు
- పిల్లలు ఇక్కడే ఉండిపోతుంటే వాళ్ల స్కూలు సర్టిఫికెట్
- కొట్టు, కుట్టుమిషను, టిఫిను సెంటరు లాంటిది నడుపుతుంటే లైసెన్సు, బ్యాంకు లావాదేవీలు
- ఇంతకుముందు ఏ దేశమైనా వెళ్లి గడువులోగా వచ్చి ఉంటే ఆ ముద్రలు

నాన్నగారి పేరున ఉన్న పదెకరాల పట్టా మీ ముడి కాదు. పెడితే పెట్టండి కానీ దాని మీద బరువంతా వేయకండి.

## 4. డబ్బు: ఎంత అన్నదానికన్నా ఎలా వచ్చింది అన్నదే చూస్తారు

మా నాన్నగారు ప్రేమకొద్దీ అప్లికేషన్‌కి పది రోజుల ముందు నా ఖాతాలో ఐదు లక్షలు వేశారు. అంతకుముందు ఆరు నెలలూ ఆ ఖాతాలో పన్నెండు వేలు వచ్చేవి, పదకొండు వేలు పోయేవి. స్టేట్‌మెంటు చూసిన ఎవరికైనా ఆ ఐదు లక్షలు అరువు డబ్బులాగే కనిపిస్తాయి.

భర్త ఖర్చు పెడుతుంటే ఆ మాటే చెప్పండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఆయన పే స్లిప్పులు, ఉద్యోగ పత్రం, ట్యాక్సు కాగితం (కెనడాలో నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ అంటారు), బ్యాంకు స్టేట్‌మెంటు పంపమనండి. మీ ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంటు ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఆయన నెలనెలా పంపే డబ్బు అందులో కనిపిస్తే మీ కాపురం నిజమైనదనడానికి అదీ ఒక సాక్ష్యమే. పెద్ద మొత్తం ఏదైనా పడి ఉంటే ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క వాక్యంలో రాసి, దాని రసీదు జత చేయండి.

## 5. రెండు లేఖలు

భర్త రాసే ఆహ్వాన లేఖ. ఒక పేజీ దాటకూడదు. ఇందులో ఉండాల్సినవి:

- ఆయన పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను, ఉద్యోగం, అక్కడి హోదా (పౌరుడా, పీఆరా), దాని కాపీ
- మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఇక్కడి చిరునామా, పెళ్లి తేదీ
- ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరిది
- స్పాన్సర్‌షిప్ ఫైలు నంబరు, అది ఏ దశలో ఉంది
- ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు

మీరు రాసే వివరణ లేఖ. ఏజెంటు ఇచ్చే నమూనా వాడకండి. ఒకే లేఖ యాభై మందికి ఇస్తారు, ఆఫీసర్లు దాన్ని యాభైసార్లు చదివి ఉంటారు. నా లేఖలో ముఖ్యమైన ముక్క ఇలా ఉంది, ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబుతున్నాను:

"నా భర్త స్పాన్సర్ చేసిన పీఆర్ దరఖాస్తు నడుస్తోంది. రసీదు జత చేశాను. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఉన్నది పందొమ్మిది రోజులు. నాకు ఇచ్చిన సెలవు ఏడు వారాలు. సెలవు అయ్యాక స్కూల్లో చేరాలి, పత్రం జత చేశాను. ఈలోగా పీఆర్ రాకపోతే ఇండియాకి వచ్చి ఇక్కడే ఎదురుచూస్తాను. గడువు దాటితే ఆ దరఖాస్తుకే నష్టమని నాకు తెలుసు."

నయాగరా చూడాలని ఉంది, మేపుల్ ఆకులంటే ఇష్టం లాంటివి మొదటిసారి రాశాను. భర్తను చూడాలనుకునే మనిషి జలపాతం కోసం వెళ్తున్నానంటే ఎవరు నమ్ముతారు?

## 6. ఫారంలో మెట్టు మెట్టుకీ ఆగి చదవాల్సిన ప్రశ్నలు

కెనడా ఫారం ఆన్‌లైన్‌లోనే నింపాలి. వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. అంతా ఒకే రోజు నింపకండి. ఒక రోజు నింపి, రాత్రి నిద్రపోయి, మర్నాడు మళ్లీ చదవండి.

జాగ్రత్త పడాల్సిన చోట్లు:

"పెళ్లయిందా?" అయింది. "పెళ్లి కాలేదని పెట్టేద్దాం, సులువుగా వస్తుంది" అని ఓ ఏజెంటు నాతోనే అన్నాడు. అదే ప్రభుత్వం దగ్గర నా మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంది. ఆ ఒక్క గడి తప్పు నింపితే మోసపూరిత సమాచారం కింద 40వ సెక్షన్ పడి, ఐదేళ్లు గుమ్మం తొక్కనివ్వరు. అసలు ఫైలు కూడా దాంతోనే పోతుంది. అమెరికాలో ఇలాంటిదానికి నిషేధం శాశ్వతం, వేవర్ (మినహాయింపు) దొరికితే తప్ప.

"ఇంతకుముందు కెనడాకు అప్లై చేశారా?" చేశారు. పీఆర్ దరఖాస్తు కూడా దరఖాస్తే. అవును అని పెట్టి, వివరాల గడిలో ఫైలు నంబరు, తేదీ రాయండి.

"ఏ దేశమైనా వీసా నిరాకరించిందా?" ఏ దేశమైనా అంటే అన్ని దేశాలూ. పదేళ్ల కిందట ఓ స్టూడెంట్ వీసా పోయి ఉంటే అదీ రాయాలి.

కుటుంబ సమాచారం. తోబుట్టువులందరి పేర్లు, పుట్టిన తేదీలు పీఆర్ ఫైలులో రాసినట్టే ఉండాలి. మా అన్నయ్య పుట్టిన సంవత్సరం అమ్మకి ఒకటి గుర్తు, సర్టిఫికెట్‌లో ఇంకోటి. సర్టిఫికెట్‌లో ఉన్నదే రెండుచోట్లా పెట్టాం.

డబ్బు తీసుకుని వేరేవాళ్లు నింపుతుంటే వాళ్ల పేరు ఫారంలో చెప్పాల్సిందే. కెనడా విషయంలో డబ్బు తీసుకుని సలహా ఇచ్చే హక్కు అక్కడి లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లకు, లాయర్లకు, క్యూబెక్ నోటరీలకు మాత్రమే ఉంది. పేరు రాయొద్దన్న ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. మీ ఖాతా పాస్‌వర్డు, ఈమెయిలు ఎప్పుడూ మీ చేతిలోనే ఉంచుకోండి.

అమెరికా వీసా ఫారం డీఎస్-160లో కూడా ఇదే తీరు. మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని సూటిగా అడుగుతుంది. ఐ-130 వేసి ఉంటే జవాబు అవును. భర్త అక్కడే ఉన్నాడా, ఏ హోదాలో ఉన్నాడు అన్నదీ అడుగుతుంది.

## 7. హైదరాబాద్ ప్రయాణం

కెనడాకు ఫీజు కట్టాక వేలిముద్రల లేఖ వస్తుంది. దాని తేదీ నుంచి 30 రోజుల్లోగా ఇవ్వాలి. మనవైపు వాళ్లు ఎక్కువమంది హైదరాబాద్ కేంద్రానికే వెళ్తారు. మామూలుగా ఇంటర్వ్యూ ఉండదు, కాగితాలే మాట్లాడతాయి.

అమెరికాకైతే ఒడిశా మొత్తం హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది. బరంపురం వాళ్లు కోల్‌కతా అనుకుని తికమకపడుతుంటారు. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. రెండూ వేర్వేరు రోజులు కాబట్టి ఒకటి రెండు రాత్రుల బస చూసుకోండి.

పలాసలోనో బరంపురంలోనో ఫలక్‌నుమా ఎక్కితే రాత్రంతా ప్రయాణం, మర్నాడు పొద్దున సికింద్రాబాద్. అపాయింట్‌మెంటు రోజునే దిగేలా టికెట్ తీసుకోకండి, బండి ఆలస్యమైతే ఫీజు గంగపాలు. ముందురోజే చేరండి.

అమెరికా ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వవచ్చు. ఇంగ్లీషులో తడబడేకన్నా అదే నయం. రెండు మూడు నిమిషాల్లో తేల్చేస్తారు, చాలాసార్లు కాగితాలు ముట్టుకోరు కూడా. ఫోను, బ్యాగు లోపలికి రానివ్వరు. అడిగే ప్రశ్నలు మామూలువే. ఎందుకు వెళ్తున్నారు? భర్త ఏం చేస్తారు? పిటిషన్ వేశారా? ఎప్పుడు తిరిగి వస్తారు, ఇక్కడ ఏం పని? ఒక్కొక్కదానికి ఒక్క వాక్యం. బట్టీ పట్టిన జవాబు వినగానే తెలిసిపోతుంది. మా వీధి జిరాక్సు కొట్టు దగ్గర అడిగితే ఎలా చెబుతారో అలాగే చెప్పండి.

## 8. కాదంటే ఏం చేయాలి

నాకు వచ్చిన లేఖలో ఉన్నది ఒక్క మాట: గడువు ముగిశాక మీరు వెళ్లిపోతారని నమ్మకం కలగలేదు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు, పీఆర్ కూడా పోయిందనుకుంది. పోదు. విజిటర్ తిరస్కరణ వేరు, స్పాన్సర్‌షిప్ ఫైలు వేరు. నిజం చెప్పి తిరస్కరణ తెచ్చుకుంటే అసలు ఫైలుకి దెబ్బ లేదు.

వెంటనే అవే కాగితాలతో మళ్లీ వేయకండి, అదే జవాబు వస్తుంది. ముందు కారణం తెలుసుకోండి. ఆఫీసరు లోపల రాసుకున్న నోట్సును జీసీఎంఎస్ నోట్స్ అంటారు. మీ సమ్మతి పత్రంతో అక్కడున్న భర్త సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెప్పించవచ్చు, ఫీజు 5 డాలర్లే. నా నోట్సులో మూడు మాటలున్నాయి: సెలవు రుజువు లేదు, పెద్ద డిపాజిట్‌కు వివరణ లేదు, అడిగిన గడువు ఉద్యోగానికి పొంతన లేదు. మూడూ సరిచేసి, "పోయినసారి ఈ కారణాలతో కాదన్నారు, ఇప్పుడు ఇవి మారాయి" అని లేఖ మొదట్లోనే రాసి వేశాను.

అమెరికాలో 214(బి) కింద కాదంటే అప్పీలు లేదు, కట్టిన ఫీజు రాదు. మళ్లీ అప్లై చేయవచ్చు కానీ మీ పరిస్థితిలో ఏదైనా మారితేనే వెళ్లండి.

వీసా ఎంతకీ రాకపోతే ఇద్దరూ మూడో దేశంలో కలుసుకోండి. నేపాల్‌కి, మారిషస్‌కి మనకు ముందుగా వీసా అక్కర్లేదు. పీఆర్ ఫైలులో కూడా ఈ కలయికలు పనికొస్తాయి: టికెట్లు, హోటల్ రసీదులు, ఇద్దరి ఫొటోలు దాచుకోండి. అత్తగారికి ఇది హనీమూన్‌లా కనిపిస్తే కనిపించనీయండి.

## 9. టికెట్టు, పెట్టె, ఇమిగ్రేషన్ కౌంటరు

వీసా ముద్ర పడేదాకా డబ్బు తిరిగిరాని టికెట్ కొనకండి. పడ్డాక రానూపోనూ కలిపి కొనండి. తిరుగు తేదీ లేఖలో చెప్పిన తేదీతో సరిపోవాలి. ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకోండి, అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లు మన ఏడాది జీతం.

చేతి సంచిలో ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు, తిరుగు టికెట్ ప్రింటు
- ఆహ్వాన లేఖ, భర్త చిరునామా, ఫోను నంబరు కాగితం మీద
- మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ
- పీఆర్ ఫైలు రసీదు
- సెలవు మంజూరు పత్రం
- బీమా కాగితం

పెద్ద పెట్టెలో ఏముందన్నదీ కథ చెబుతుంది. ఏడు వారాలకు వెళ్తూ పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు, పెళ్లి వెండి సామాను, నాలుగు ఏళ్లకు సరిపడా బట్టలు పెడితే అది చూసి వచ్చే ప్రయాణంలా ఉండదు. అత్తగారు ఇచ్చిన ఇత్తడి కుందులు నేను ఇంట్లోనే వదిలేశాను.

తినే వస్తువులు ఉంటే దిగాక కస్టమ్స్ కార్డులోనో మెషీన్‌లోనో ఉన్నాయనే చెప్పండి. బరంపురం అప్పడాలు, ఆవకాయ చెప్పి తీసుకెళ్లాను, చూసి వదిలేశారు. మాంసం, పాల వస్తువులు, పళ్లు, విత్తనాల జోలికి పోవద్దు. చెప్పి వదిలేసుకుంటే పోయేది వస్తువు, దాచి దొరికితే జరిమానా.

కౌంటరు దగ్గర "ఎందుకొచ్చారు" అంటే: "నా భర్తను చూడటానికి. మా పీఆర్ దరఖాస్తు నడుస్తోంది. ఫలానా తేదీకి తిరిగి వెళ్తాను." ఈ మూడు వాక్యాలూ చాలు. "టూరిజం" అని మొదలుపెట్టి, తర్వాత భర్త సంగతి బయటపడితే అనుమానం మొదలవుతుంది. ఫోను కూడా తెరిచి చూసే అధికారం వాళ్లకుంది. "ఇక వెనక్కి రాకు, అక్కడే ఉండిపో" అని పెద్దమ్మ వాట్సాప్‌లో సరదాగా పెట్టిన మెసేజీకి మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

## 10. అక్కడున్నన్నాళ్లూ, తిరిగి వచ్చేటప్పుడు

వీసా మీద ఉన్న తేదీ వేరు, ఉండనిచ్చే గడువు వేరు. కెనడాలో ప్రత్యేకంగా తేదీ రాయకపోతే మామూలుగా ఆరు నెలలు. అమెరికాలో పదేళ్ల వీసా ఉన్నా ఐ-94లో (దిగినప్పుడు వాళ్లు రాసే రికార్డు) పడిన తేదీయే లెక్క, దిగిన రోజే ఆన్‌లైన్‌లో తీసి చూసుకోండి. అక్కడ గడువు 180 రోజులకు మించి దాటి వెళ్లిపోతే మూడేళ్ల నిషేధం, ఏడాది దాటితే పదేళ్లు.

పని చేయకూడదు. పక్కింటివాళ్ల పిల్లల్ని డబ్బుకి చూసుకోవడం, ఇండియన్ రెస్టారెంటులో "ఊరికే సాయం" కూడా పనే.

కెనడాలో ఉండగా పీఆర్ ఫైలులో కదలిక వస్తే కంగారు పడకండి. మెడికల్ అడిగితే అక్కడి ప్యానెల్ డాక్టరు (ఇమిగ్రేషన్ వాళ్లు గుర్తించిన డాక్టరు) దగ్గర చేయించుకోవచ్చు. ఇండియాలో ఇంటర్వ్యూ పెడితే మాత్రం రావాలి. చిరునామా మారిన సంగతి ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌ఫారం ద్వారా చెప్పండి. నిజంగా అవసరం పడి ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే గడువుకు కనీసం 30 రోజుల ముందే పొడిగింపుకి అప్లై చేయండి, ఫీజు మళ్లీ 100 డాలర్లు.

అమెరికా పౌరుల భార్యలకు ఒక హెచ్చరిక. విజిటర్‌గా దిగి అక్కడే గ్రీన్‌కార్డుకి వేసేయమని చెప్పే బంధువులు దొరుకుతారు. ఆ ఉద్దేశంతోనే బీ-2 అడిగితే అది అబద్ధం చెప్పి వీసా తీసుకోవడమే. దిగిన 90 రోజుల్లోగా ఆ పని చేస్తే మొదటి నుంచీ అబద్ధమాడారని అనుకునే వీలు వాళ్ల నిబంధనల్లోనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బోర్డింగ్ పాసులు పారేయకండి. ఇండియాలో దిగిన ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ స్కాన్ చేసి, బోర్డింగ్ పాసుతో కలిపి పీఆర్ ఫైలుకి వెబ్‌ఫారంలో పంపండి. నేను ఢిల్లీ నుంచి విశాఖ, విశాఖ నుంచి బస్సులో పాతపట్నం మీదుగా ఇంటికి చేరిన మర్నాడే ఆ పని చేశాను. సోమవారం స్కూల్లో చేరాక హాజరు రిజిస్టర్ పేజీ కూడా ఫొటో తీసి దాచుకున్నాను.